కోర్టు గుమ్మం తొక్కకముందే తేలిపోయే కేసులు

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఆరోగ్య బీమా పథకాల మీద అజమాయిషీకి ప్రత్యేకంగా ఒక ప్రభుత్వ శాఖే ఉంది. 1975 నాటి నాక్స్-కీన్ చట్టాన్ని అమలు చేయడం దాని పని. 2000 సంవత్సరం నుంచి నడుస్తున్న ఆ శాఖలో సర్కారు జీతం తీసుకునే లాయర్లు ఉంటారు. రోగులు చేసిన ఫిర్యాదులు వాళ్ళ బల్ల మీదికి వస్తాయి, వాళ్ళు తవ్వుతారు, జరిమానా వేయిస్తారు. మానసిక వైద్యం సకాలంలో అందించలేదన్న వ్యవహారంలో కైజర్ సంస్థ 2023 అక్టోబరులో 5 కోట్ల డాలర్ల జరిమానా కట్టడానికీ, సేవలు బాగుచేయడానికి మరో 15 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టడానికీ ఒప్పుకుందంటే దాని వెనక ఆ లాయర్ల పని ఉంది.

వికారాబాదులో అలాంటి బల్ల వెతికితే దొరకదు. పని మాత్రం ఉంది, పది చోట్ల చెల్లాచెదురుగా ఉంది. ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్ కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా అథారిటీ చేతిలో, దాని రోజువారీ వ్యవహారం డీఎంహెచ్‌వో చేతిలో. ఆరోగ్యశ్రీ సంగతి హైదరాబాదులోని ట్రస్టు చేతిలో. బీమా కంపెనీల మీద పెత్తనం ఐఆర్‌డీఏఐది. క్రిమినల్ కేసయితే తాండూరు కోర్టులో ఏపీపీ గారు నడపాలి, సివిల్ దావా అయితే జిల్లా కోర్టులో జీపీ గారు, రిట్ పడితే హైకోర్టులో వైద్య ఆరోగ్య శాఖ జీపీ. వికారాబాదు 2016 అక్టోబరు 11న జిల్లా అయింది, 2022 జూన్ 2న సొంత జ్యుడీషియల్ జిల్లా అయింది. కాబట్టి ఒకప్పుడు రంగారెడ్డి జిల్లా పెద్ద లాయర్లు చూసుకున్న ఫైళ్ళు ఇప్పుడు ఇక్కడి బార్‌లో ఐదారేళ్ళ ప్రాక్టీసు ఉన్న వాళ్ళ చేతికి కూడా వస్తున్నాయి. ఈ అధ్యాయం వాళ్ళ కోసం. ప్రభుత్వం తరఫున ఆరోగ్య చట్టాల పని చేయాలనుకునే వాళ్ళు, ఇప్పటికే ఆ కుర్చీలో కూర్చుని ఇదేమి గోలరా అనుకుంటున్న వాళ్ళు, ఇద్దరూ.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఈ పనిలో కేసు కోర్టులో ఓడిపోదు. అంతకు ఆర్నెల్ల ముందు ఏదో ఒక గుమస్తా బల్ల మీద, ఒక కాగితంలో ఓడిపోతుంది. వాదనలు గొప్పగా చెప్పే లాయర్లకు మన బార్‌లో లోటు లేదు. కాగితం పుడుతున్నప్పుడే పక్కన కూర్చునే ఓపిక ఉన్న లాయరు మాత్రం అరుదు. ఆ అరుదైన వాడు మీరు కావాలంటే ఏం చేయాలన్నదే ఇక్కడి ముచ్చట.

ఎప్పుడూ జరిగే కథ చూడండి. ఒక ఆసుపత్రి మీద ఫిర్యాదు వస్తుంది. పేపర్లో పడుతుంది. పైనుంచి ఫోను వస్తుంది. అధికారులు జీపు వేసుకుని వెళ్ళి గేటుకు సీలు వేస్తారు, ఫొటోలు దిగుతారు. మూడో రోజు యాజమాన్యం హైకోర్టుకు వెళ్తుంది. జడ్జి గారు ప్రభుత్వ లాయరును ఒక్కటే అడుగుతారు: ‘నోటీసు ఇచ్చారా?’ ఇవ్వలేదు. సీలు తీయమని ఉత్తర్వు. లోపల జరిగింది ఎంత ఘోరమైనా ఆ రోజు దాని ప్రస్తావనే రాదు. ఆసుపత్రి వాళ్ళు ఆ ఉత్తర్వును క్లీన్‌చిట్ లాగా ఊరంతా చూపించుకుంటారు.

2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం ఇలాంటి తొందరపాటుకు చోటివ్వదు. 32వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ రద్దు చేయాలంటే ముందు షోకాజ్ నోటీసు ఇవ్వాలి. జవాబుకు ఇవ్వాల్సిన గడువు మూడు నెలలు. ఆ తర్వాత వాళ్ళు చెప్పేది వినాలి, కారణాలతో ఉత్తర్వు రాయాలి. దాని మీద వాళ్ళు స్టేట్ కౌన్సిల్‌కు అప్పీలు చేసుకోవచ్చు. రద్దు చేశాక రోగుల ప్రాణానికి, ఆరోగ్యానికి తక్షణ ముప్పు ఉందనిపిస్తే, కారణాలు రాతపూర్వకంగా నమోదు చేసి అప్పటికప్పుడు ఆపించే వీలూ అదే సెక్షన్‌లో ఉంది. ఇక రిజిస్ట్రేషనే లేకుండా నడుపుతున్న వాళ్ళ దారి వేరు: 41వ సెక్షన్ కింద మొదటిసారి 50 వేల దాకా, రెండోసారి 2 లక్షల దాకా, ఆ పైన 5 లక్షల దాకా జరిమానా. దీనికి పోలీసు స్టేషనూ అక్కర్లేదు, మెజిస్ట్రేటూ అక్కర్లేదు. జిల్లా అథారిటీయే విచారణ జరిపి వేయవచ్చు, కట్టకపోతే భూమి శిస్తు బకాయిలాగా వసూలు చేయవచ్చు. ఇంత పదునైన సెక్షన్ చేతిలో పెట్టుకుని తాళం కప్ప కోసం వెతకడం నాకు ఎప్పటికీ అర్థం కాదు. తాళం ఫొటోలో బాగా కనిపిస్తుంది, అంతే కారణం అనుకుంటాను.

మరి మీరు చేయాల్సింది? నోటీసు మీరే రాయండి. కనీసం సంతకానికి వెళ్ళకముందు మీరు చదవండి. మామూలుగా ఆఫీసుల్లో నడిచే నోటీసు ఇలా ఉంటుంది:

‘మీ ఆసుపత్రిలో నిబంధనలు పాటించడం లేదని తనిఖీలో తేలినది. కావున మీ రిజిస్ట్రేషన్ ఎందుకు రద్దు చేయరాదో మూడు రోజులలోగా తెలుపగలరు, లేనిచో తగు చర్య తీసుకొనబడును.’

దీన్ని ఆసుపత్రి తరఫు లాయరు కళ్ళతో చదవండి. ఏ నిబంధన? ఎప్పటి తనిఖీ? ఎవరు చేశారు? ‘తేలినది’ అన్నాక ఇంకా సంజాయిషీ ఎందుకు అడుగుతున్నట్టు, ముందే తేల్చేశారు కదా? మూడు నెలలు ఇవ్వమని చట్టం చెబితే మూడు రోజులు ఎక్కడి నుంచి వచ్చాయి? ‘తగు చర్య’ అంటే ఏది? రెండు వాక్యాల్లో ఆరు రంధ్రాలు. అదే నోటీసు ఇలా ఉంటే:

‘ఫలానా తేదీ ఉదయం 11.20 గంటలకు మీ మేనేజరు సమక్షంలో తనిఖీ జరిగింది. రిసెప్షన్ వద్ద, ఓపీ గదుల వద్ద, బిల్లింగు కౌంటరు వద్ద సేవల ధరల పట్టిక తెలుగులో గానీ ఇంగ్లీషులో గానీ కనిపించలేదు. ఫొటోలు 1 నుంచి 4 జతపరచడమైనది. ఇది 2012 నిబంధనలలోని 9వ నిబంధనకు విరుద్ధంగా కనబడుతున్నది. తనిఖీ నివేదిక నకలు దీనితో పంపుతున్నాము. నోటీసు అందిన నాటి నుండి మూడు నెలలలోగా మీ వివరణను రాతపూర్వకంగా ఇవ్వవచ్చును. స్వయంగా హాజరై చెప్పుకొనదలచినచో ఆ మాట తెలియజేయవలెను.’

‘విరుద్ధంగా కనబడుతున్నది’ అన్న చోట ఆగి చూడండి. తీర్పు ఇంకా చెప్పలేదు, అనుమానం మాత్రమే చెప్పింది. నకలు జతపరిచింది కాబట్టి, మాకు నివేదిక ఇవ్వలేదని రేపు ఎవరూ అనలేరు. మేనేజరు సమక్షంలో అని ఉంది కాబట్టి పంచనామా మీద ఆయన సంతకం కూడా ఉండాలి. పెట్టనంటే, నిరాకరించారని రాసి సాక్షులతో సంతకం చేయించాలి. తనిఖీ బృందం బయలుదేరే ముందు రోజు సాయంత్రం డీఎంహెచ్‌వో ఆఫీసుకు వెళ్ళి ఒక అరగంట కూర్చుని ఈ నాలుగు ముక్కలు చెప్పి రండి. ఆ అరగంట మీ ఫీజు బిల్లులో ఎక్కడా కనిపించదు. అయినా వెళ్ళండి.

ఇప్పుడు రెండో సంగతి, నాకు ఎక్కువ ఇష్టమైనది: వినడం.

సోమవారం కలెక్టరేటులో ప్రజావాణి. తాండూరు వైపు నుంచి ఒక ఆడమనిషి పిటిషన్ పట్టుకుని వచ్చిందనుకుందాం. భర్త బండల పాలిషింగు యూనిట్లో పని. గుండె నొప్పి వస్తే పట్నం తీసుకుపోయారు. ఆమె చేతిలో ఒక పాలిథిన్ సంచి, అందులో ముడతలు పడ్డ కాగితాలు. పిటిషన్ ఎవరో మీసేవ దగ్గర టైపు చేసి ఇచ్చారు: ‘సదరు ఆసుపత్రి యాజమాన్యం నన్ను మోసం చేసినది, న్యాయం చేయగలరు.’ ఈ వాక్యంతో మీరు చేయగలిగింది ఏమీ లేదు. ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చి అడగాలి.

‘అక్కా, కార్డు చూపించినవా?’

‘చూపిచ్చిన సారూ. గీ కార్డు ఈడ నడవదన్నరు.’

‘ఎవరన్నరు? పైసలు కట్టించుకునే కాడనా, ఆరోగ్యమిత్ర అని బోర్డు ఉంటదే, ఆ బల్ల కాడనా?’

‘బోర్డు నాకేం తెలుస్తది సారూ, సదువు రాదాయె. అద్దం ఎనక ఒక పిల్ల కూసున్నది.’

‘పైసలు ఎట్ల కట్టిన్రు? చేతికా, ఫోన్లనా?’

‘మా మరిది ఫోన్ల కొట్టిండు. నలభై వేలు పొద్దుగాల, మల్ల రాత్రి నలభై.’

ఇక్కడ మీరు లేచి నిలబడాలి, లోపల. ఆ మరిదికి ఫోను చేయించి, డబ్బు ఎవరి పేరు మీద వెళ్ళిందో చదివించండి. ఆసుపత్రి ఖాతాకు వెళ్తే ఒక కథ, ఎవరో వ్యక్తి నంబరుకు వెళ్తే పూర్తిగా వేరే కథ. స్క్రీన్‌షాట్‌తో సంతృప్తి పడకండి. ఖాతా ఉన్న బ్యాంకు శాఖ నుంచి స్టేట్‌మెంట్ ముద్ర వేయించి తెమ్మనండి. ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టు ముందు పెట్టాలంటే 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి. పాత చట్టంలో 65బి అని మనందరికీ నోటికి వచ్చినదే. ఆ ధ్రువపత్రం ఇప్పుడే తీసుకుంటే పది నిమిషాల పని. రెండేళ్ళ తర్వాత మరిది ఫోను మారి, సిమ్ము మారి, మనిషే దుబాయి వెళ్ళిపోయి ఉండవచ్చు.

తర్వాత సంచిలోని కాగితాలు ఒక్కొక్కటిగా. డిశ్చార్జి సమ్మరీలో చేరిన గంట చూడండి, అడ్వాన్సు కట్టిన గంటతో పోల్చండి. అడుగున ఎక్కడో ఇంగ్లీషులో ఒక ఫారం దొరికితే ఆశ్చర్యపోకండి: ‘పథకం వద్దు, మేము సొంత ఖర్చుతో వైద్యం చేయించుకుంటాం’ అన్న అర్థంలో నాలుగు పంక్తులు, కింద వేలిముద్ర. చదువురాని మనిషి ఇంగ్లీషు ఫారం మీద వేసిన వేలిముద్ర. ఆసుపత్రి లాయరు దాన్నే ముందు పెడతారు. ఆ ఫారం ఎవరు చదివి వినిపించారు, ఏ భాషలో, పక్కన సాక్షి ఎవరు అన్న మూడు ప్రశ్నలకు జవాబులు ఈ రోజే ఆమె నోట రాబట్టి రాసుకోండి. ఏడాది తర్వాత ఆమెకు గుర్తుండేది బాధ మాత్రమే. గంటలు, పేర్లు గుర్తుండవు.

ఆరోగ్యశ్రీ విషయంలో లాయర్లు కూడా పొరబడే చోటు ఒకటుంది. అది శాసనసభ చేసిన చట్టం కాదు. 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి రాష్ట్రంలో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై ట్రస్టు ద్వారా నడుస్తున్న పథకం. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా వర్తిస్తోంది. నెట్‌వర్క్ ఆసుపత్రికీ ట్రస్టుకూ మధ్య ఉన్నది ఒప్పందం. కాబట్టి కార్డున్న రోగి దగ్గర డబ్బు వసూలు చేస్తే మీ ఆయుధం ఆ ఒప్పందమే: డబ్బు తిరిగి ఇప్పించడం, జరిమానా, సస్పెన్షన్, జాబితా నుంచి తీసేయడం. ఇంకొకటి, ఆసుపత్రికి గుర్తింపు విభాగాల వారీగా ఉంటుంది. ఎముకల వైద్యానికి నెట్‌వర్క్‌లో ఉన్నంత మాత్రాన గుండెకు ఉన్నట్టు కాదు. ‘కార్డు నడవదు’ అన్న మాట అబద్ధమో నిజమో తేల్చేది ఆ జాబితా. ట్రస్టుకు రాసే ముందు అది చూసుకోకపోతే మొదటి జవాబులోనే మీ పరువు పోతుంది.

తాండూరుకు ఇంకో తలనొప్పి ఉంది. సేడం, చించోళి వైపు నుంచి, అంటే కర్ణాటక ఊళ్ళ నుంచి కూడా జనం వైద్యానికి ఇటు వస్తారు. సంతలో, ఆసుపత్రిలో, రైలు డబ్బాలో తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసే నడుస్తాయి కానీ రేషన్ కార్డు మాత్రం రాష్ట్రం దాటదు. కర్ణాటక కార్డుతో తెలంగాణ ఆరోగ్యశ్రీ రాదు. అయితే ఆ కుటుంబం కేంద్రం 2018లో తెచ్చిన ఆయుష్మాన్ భారత్ జాబితాలో ఉంటే ఆ కార్డు దేశంలో ఏ గుర్తింపు ఆసుపత్రిలోనైనా చెల్లాలి. తెలంగాణ 2021లో అందులో చేరింది. అందుకే పిటిషనరును మొదట అడగాల్సింది ‘మీది ఏ ఊరు’ అని కాదు, ‘నీ దగ్గర ఏమేం కార్డులు ఉన్నయి’ అని. సంచిలో మూడు కార్డులుండి, పనికొచ్చేది చూపించని వాళ్ళు చాలామంది.

అంతా విన్నాక ఆమెకు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ‘అక్కా, నేను సర్కారు వకీలును. నీ వకీలును కాదు.’ కొత్తవాళ్ళకు ఇది కఠినంగా తోస్తుంది. కానీ ఆమె తన కేసు మీ చేతిలో ఉందనుకుని ఇంట్లో కూర్చుంటే గడువులు దాటిపోతాయి. మీ పని శాఖ చేత చట్టం అమలు చేయించడం. ఆమె నష్టపరిహారం ఆమె లాయరు చూడాలి. ఆ లాయరును ఇప్పించే దారి చూపండి: జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. 1987 చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ఫోను నంబరు 15100. ఇది చీటీ మీద రాసి చేతికివ్వండి, నోటితో చెబితే రైలెక్కేలోపు మరచిపోతుంది.

ఏ తలుపు ఎప్పుడు తట్టాలో మీకు కంఠతా ఉండాలి. ప్రైవేటు బీమా పాలసీ క్లెయిము తిరస్కరిస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా రాయాలి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఏడాదిలోపు వెళ్ళాలి, రుసుము లేదు, 50 లక్షల దాకా తీర్పు ఇవ్వగలరు. అక్కడ లాయర్లకు ప్రవేశం లేదు, పాలసీదారే మాట్లాడుకోవాలి. మన బార్‌లో ఆ తలుపు పేరు తక్కువగా వినిపించడానికి ఇదొక కారణం కావచ్చునని నా అనుమానం. 2024 మే నెలాఖరులో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం నగదు రహిత చికిత్సకు అడిగిన గంటలోగా కంపెనీ తేల్చాలి, డిశ్చార్జి బిల్లుకు మూడు గంటల్లోగా అనుమతి ఇవ్వాలి. ఐదేళ్ళు పాలసీ కట్టాక, మోసం రుజువైతే తప్ప, ‘ముందే ఉన్న జబ్బు దాచారు’ అన్న సాకు చెల్లదు.

వినియోగదారుల కమిషన్‌కు గడువు రెండేళ్ళు. 2019 చట్టం వచ్చాక రోగి తానుండే చోటే కేసు వేసుకోవచ్చు, ఆసుపత్రి పట్నంలో ఉన్నా సరే. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపయితే ఫీజు లేదు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే వి.పి. శాంత కేసులో తేల్చింది. వీటన్నిటికంటే మనవాళ్ళు తక్కువ వాడుకునేది పర్మనెంట్ లోక్ అదాలత్. ఆసుపత్రి సేవలు, బీమా సేవలు రెండూ దాని పరిధిలో ఉన్నాయి, కోటి రూపాయల వివాదం దాకా. రాజీ కుదరకపోతే కేసు మూసేయకుండా మంచిచెడ్డలు చూసి తీర్పు కూడా ఇవ్వగలదు. ఇంకా ఏ కోర్టులోనూ కేసు వేయకముందే అక్కడికి వెళ్ళాలన్నది గుర్తుంచుకోండి.

బండల పాలిషింగు యూనిట్ల కార్మికుల ఫైలు వస్తే మరో ప్రశ్న చేర్చండి: ఈఎస్‌ఐ కట్టారా? పది మంది గానీ అంతకు మించి గానీ ఉన్న యూనిట్లో, 21 వేల లోపు జీతగాడికి ఆ హక్కు ఉంది. రాతి దుమ్ముతో వచ్చే సిలికోసిస్ వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది. కాగితాల మీద ఎనిమిది మందినే చూపించి పాతికమందితో పని చేయించే చోట ఆరోగ్య చట్టం కేసు కార్మిక చట్టం కేసుగా మారుతుంది. అప్పుడు ఫైలును లేబర్ ఆఫీసు వైపు పంపే దమ్ము ఉండాలి. నా పరిధి కాదని అల్మరాలో పెట్టేస్తే అది అక్కడే చెదలు పడుతుంది.

ఇక్కడి దాకా ఆసుపత్రి అవతలి పక్షం. కానీ సర్కారు లాయరుకు రెండో ముఖం కూడా ఉంది. రోగి చనిపోయాడని బంధువులు ఆసుపత్రి అద్దాలు పగలగొట్టి డ్యూటీ డాక్టరును కొడితే, 2008 నాటి మన రాష్ట్ర చట్టం కింద మూడేళ్ళ దాకా జైలు. ఆ కేసు నడిపేదీ మీరే. నిన్న అదే ఆసుపత్రికి నోటీసు రాసింది మీరే. ఈ రెండూ ఒకే వారంలో రావచ్చు. జనం మిమ్మల్ని ఒకరోజు డాక్టర్ల మనిషన్నారంటే, మర్నాడు డాక్టర్లు మిమ్మల్ని కక్షగట్టిన మనిషన్నారంటే పని సరిగానే సాగుతున్నట్టు లెక్క.

వైద్యంలో నిర్లక్ష్యం మీద క్రిమినల్ కేసు వచ్చినప్పుడు ఈ నిగ్రహం మరీ అవసరం. జేకబ్ మాథ్యూ కేసులో 2005లో సుప్రీంకోర్టు గీత గీసింది: మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలి, దర్యాప్తు అధికారి ముందుగా స్వతంత్ర వైద్య నిపుణుడి అభిప్రాయం తీసుకోవాలి, ఎఫ్‌ఐఆర్ పడగానే డాక్టరును అరెస్టు చేయడం మామూలు వ్యవహారం కాకూడదు. కొత్త న్యాయ సంహిత 106వ సెక్షన్‌లో రిజిస్టర్డ్ డాక్టరుకు శిక్ష రెండేళ్ళ దాకా, మిగతా వాళ్ళకు ఐదేళ్ళ దాకా. ఎస్సై గారు ఫోను చేసి ‘సార్, ఏం సెక్షన్ పెట్టాలె, బయట జనం ఉన్నరు’ అని అడుగుతారు. జనం సంగతి ఆయన చూసుకుంటారు, నిపుణుల అభిప్రాయం సంగతి మీరు గుర్తు చేయండి. అయితే డిగ్రీయే లేకుండా ఇంజెక్షన్లు పొడిచే వాడికి ఈ రక్షణ లేదు. వాడిది 2019 నాటి జాతీయ మెడికల్ కమిషన్ చట్టం, 34వ సెక్షన్: ఏడాది దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. పల్లెల్లో ఆర్ఎంపీ మీద కేసంటే ఊరు మొత్తం ఆయన వెనక నిలబడుతుంది. రాత్రి రెండు గంటలకు తలుపు తీసేది ఆయనే కదా అంటారు. ఆ మాటలో నిజం ఉంది. కానీ దానికి సమాధానం పీహెచ్‌సీలో రాత్రి డ్యూటీ, కోర్టులో మినహాయింపు కాదు.

చిన్న ఊళ్ళో చేసే ఉద్యోగం కాబట్టి మొహమాటాల సంగతి కూడా మాట్లాడుకోవాలి. నోటీసు అందుకున్న డాక్టరు గారు మీ నాన్నగారి షుగరు చూస్తున్న వారే కావచ్చు. మీ పాప పుట్టింది ఆ ఆసుపత్రిలోనే కావచ్చు. ఆయన కబురు పంపరు, నేరుగా ఫోను చేస్తారు: ‘ఏం వకీలు సాబ్, మన మీదనేనా?’ దీనికి ఉపన్యాసం అక్కర్లేదు. ‘డాక్టరు గారూ, ఇది ఫైల్లో ఉన్న ముచ్చట, ఫోన్ల మాట్లాడితే మీకే నష్టం. మూడు నెలల టైముంది, మీ వకీలుతోని మంచిగ జవాబు రాయించి ఇయ్యిండ్రి’ అని మర్యాదగా పెట్టేయండి. ఆ ఫోను వచ్చిన తేదీ, సమయం నోట్‌ఫైల్లో ఒక వాక్యంగా రాసుకోండి. బంధుత్వమో, మీ సొంత వ్యవహారమో ముడిపడి ఉంటే ఆ ఫైలు నా చేత వద్దని మొదటి రోజే రాతపూర్వకంగా చెప్పండి. జీపీలకు ప్రైవేటు ప్రాక్టీసు కూడా ఉంటుంది కాబట్టి ఇది మరీ ముఖ్యం. పొద్దున ఏ ఆసుపత్రికి సర్కారు నోటీసు చూశారో, సాయంత్రం ఆ ఆసుపత్రి స్థలం దస్తావేజు మీరు చూడకూడదు.

ఈ కుర్చీలోకి ఎలా రావాలన్నది చాలామంది అడుగుతారు కాబట్టి క్లుప్తంగా. ఏపీపీ పోస్టుకు లా డిగ్రీ, మూడేళ్ళ క్రిమినల్ ప్రాక్టీసు, పోటీ పరీక్ష. 2021లో పోలీసు నియామక మండలి 151 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. జీపీ నియామకం ప్రభుత్వం మూడేళ్ళ కాలానికి చేస్తుంది. రాజకీయం లేదని నేను చెప్పను, కానీ ఫైళ్ళు సకాలంలో తిప్పి పంపే వాడి పేరు సెక్రటేరియట్‌లో కూడా తెలుస్తుంది. ఈ రెండూ దొరికే లోపు న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్లో చేరండి. ఆసుపత్రి బిల్లు చదవడం నేర్పే బడి అంతకంటే దగ్గరలో లేదు.

చివరిగా, అధికారుల నోటి మాటల గురించి. ‘వకీలు గారూ, పై వాళ్ళు చెప్పిన్రు, రేపు పొద్దున ఆ ఆసుపత్రి బంద్ చేయాలె, మీరు ఓకే అంటే చాలు’ అని రాత్రి తొమ్మిదింటికి ఫోను వస్తుంది. ఓకే అనకండి, కుదరదనీ అనకండి. ‘సార్, రెండు లైన్లు నోట్ పెట్టి పంపండి, తనిఖీ రిపోర్టు జతచేయండి, పొద్దున పది గంటల లోపల నా అభిప్రాయం రాతలో మీ బల్ల మీద ఉంటుంది’ అనండి. చెప్పినట్టే పది లోపల పంపండి. ఆలస్యం చేస్తే తర్వాతి సారి మిమ్మల్ని అడగకుండానే జీపు బయలుదేరుతుంది. మీ అభిప్రాయంలో ఏది చేయకూడదో రాసి ఊరుకోకండి. ఏది చేయవచ్చో, ఏ సెక్షన్ కింద, ఏ తేదీ లోపల, ఎవరి సంతకంతో అన్నది కూడా రాయండి. ముసాయిదా నోటీసు దాని వెనకే పిన్ను చేయండి.